ముట్లుడిగిన వయసు: అమ్మమ్మ, అమ్మ, నేను

మూడేళ్ళ క్రితం, నా నలభై ఎనిమిదో ఏట, సోహార్‌లో ఒక ఈజిప్టు డాక్టరమ్మ ముందు కూర్చుని ఉన్నాను. నెలసరి రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి వస్తోంది. అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు పుట్టి లేచి కూర్చుంటున్నాను. జూన్ నెల కావడంతో, ఇది ఒమాన్ ఎండ వేడా, నా లోపలి వేడా అన్నది తేలక చాలా రోజులు ఊరుకున్నాను. ఆవిడ అన్నీ విని, కాగితం మీద గడులు నింపుతూ మామూలుగా ఒక ప్రశ్న అడిగింది: "మీ అమ్మగారికి ఏ వయసులో ఆగిపోయింది?"

నాకు జవాబు తెలియలేదు. తెలియకపోవడం కాదు, అసలు జవాబే లేదు. మా అమ్మకు ఆగిపోలేదు. 1989లో, ఆమెకు ముప్ఫై ఆరేళ్ళప్పుడు, గర్భసంచి తీసేశారు. ఆమె ఒళ్ళు తనంతట తాను ఎప్పుడు ఆపేదో ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ ఆ గడిలో ఒక గీత గీసి, "ఇండియా నుంచి వచ్చిన చాలామంది ఇదే చెబుతారు" అంది. ఇండియా అన్నది గానీ, ఆమె చూసేవారిలో ఎక్కువమంది ఏ రాష్ట్రం వాళ్ళో నేను అడగలేదు. తరవాత చదివాక అనిపించింది, అడగవలసింది అని.

తల్లికి ఏ వయసులో ఆగిందో కూతురికీ ఇంచుమించు ఆ వయసులోనే ఆగుతుందని వైద్యులు చెబుతారు. పూర్తిగా నమ్మదగ్గ కొలత కాదు గానీ ఉన్నవాటిలో అది మంచి ఆనవాలు. ఆ ఆనవాలు నా తరానికి చెందిన తెలుగు ఆడవాళ్ళలో ఎంతమందికి లేకుండా పోయిందో, ఎందుకు పోయిందో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. సభలకు వచ్చి, ఈ సావనీరు చేతికి తీసుకున్న మగవాళ్ళు ఇక్కడ పేజీ తిప్పేయకండి. ఇది మీ అమ్మల కథ కూడా.

ముందు మాట సంగతి. మన భాషలో దీనికి చక్కని పేరుంది: ముట్లుడుగుట. ముట్టు అంటే తాకడం. తాకరాని రోజులు కాబట్టి ముట్టు. ఉడుగు అంటే ఆగిపోవడం, తగ్గిపోవడం. వాన ఉడుగుతుంది, గాలి ఉడుగుతుంది. అందులో రోగం లేదు, భయం లేదు. నేను పనిచేసే చోట అరబ్బీ మాట్లాడే స్నేహితురాళ్ళు దీన్ని 'సిన్ అల్ యాస్' అంటారు. నిరాశ వయసు అని అర్థం. ఇక నెలసరి వస్తుందన్న ఆశ పోయిన వయసని అసలు భావమే అయినా, మాట మాత్రం గుండెల్లో గుచ్చుకునేదే. ఇప్పుడు కొందరు దాన్ని మార్చి 'సిన్ అల్ అమల్', అంటే ఆశల వయసు, అంటున్నారు. ఇంగ్లీషు మాట ఫ్రాన్సు నుంచి వచ్చింది. గార్దాన్ అనే వైద్యుడు 1816లో ఒక రూపంలో, 1821లో ఇప్పటి రూపంలో దాన్ని వాడాడు. గ్రీకు భాషలో నెల, విరామం అనే రెండు మాటల కలయిక. రుతువిరతి అని మనవాళ్ళు చేసిన అనువాదం పుస్తకాల్లో బాగానే ఉంది గానీ, ఏ ఇంట్లోనూ ఎవరూ అనగా నేను వినలేదు. మా ఇళ్ళలో వినిపించేది "ఆగిపోయింది", "ఇప్పుడు రావడం లేదు" అనే. అంతకంటే ఎక్కువగా వినిపించేది మౌనం.

సుశ్రుతుడు రజస్సు పన్నెండో ఏట మొదలై యాభైలో ముగుస్తుందన్నాడు. వాగ్భటుడూ అదే లెక్క చెప్పాడు. శబరిమల పేరు చెప్పి మన అయ్యప్ప భక్తుల ఇళ్ళలో అందరికీ కంఠతా వచ్చిన పది-యాభై లెక్కలో కూడా ఈ యాభయ్యే ఉంది. 1991లో కేరళ హైకోర్టు ఆ వయసుల్ని తీర్పులో రాసింది, 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను కొట్టేసింది. ఆ వివాదం జోలికి నేను పోను. నా ఆసక్తి ఒక్కటే. యాభై నిండాక మాల వేసుకుని ఇరుముడి ఎత్తుకున్న మన పెద్దమ్మలు, పిన్నమ్మలు తమకు ముట్లుడిగిందని ఊరందరికీ చాటినట్టే గదా! నోటితో ఎన్నడూ అనని మాటను నల్లబట్టలతో అన్నారు.

మా అమ్మమ్మ తరంలో అలాంటి చాటింపు ఇంకొకటి ఉండేది. ఋషి పంచమి. వినాయక చవితి మర్నాడు, భాద్రపద శుద్ధ పంచమినాడు చేసే నోము. సప్తర్షులనూ అరుంధతినీ పూజిస్తారు. ఉత్తరేణి పుల్లతో పళ్ళు తోముకుంటారు, నాగలి తగలని నేలలో పండినవే తింటారు. అంటుముట్టు రోజుల్లో తెలిసీ తెలియక చేసిన దోషాలు పోవడానికి అని వ్రతకథ చెబుతుంది. ఆ కథ నాకు నచ్చదు. నెలసరి దోషమేమిటి, దానికి ప్రాయశ్చిత్తమేమిటి అని చిన్నప్పుడే అమ్మమ్మతో వాదించాను. కానీ ముట్లుడిగాక దాని ఉద్యాపన చెయ్యడంలో ఇంకో సంగతి ఉందని ఇప్పుడు తోస్తోంది. ఆడదాని జీవితంలో రజస్వల కావడానికి పేరంటం ఉంది, పెళ్ళికి ఉంది, సీమంతానికి ఉంది. ఆగిపోవడానికి మన పంచాంగంలో ఉన్న ఒకే ఒక్క తేదీ అది. నలుగురు ముత్తైదువలను పిలిచి, వాయనాలిచ్చి, "నాది అయిపోయింది" అని చెప్పుకునే రోజు.

ఆ తరవాత అమ్మమ్మ ఇంట్లో ఆమె స్థానం మారింది. నెలకు మూడు రోజులు మూలన కూర్చునే మనిషి ఇక ఏడాది పొడుగునా మడి కట్టుకోగల మనిషయింది. ఆవకాయ కలిపేది ఆమె, జాడీలో చెయ్యి పెట్టేది ఆమె, తద్దినపు వంట చేసేది ఆమె. కోడళ్ళు ఎడంగా ఉన్న రోజుల్లో ఇల్లు ఆమె చేతిమీద నడిచేది. మార్షా ఫ్లింట్ అనే మానవశాస్త్రవేత్త 1975లో రాసిన ఒక వ్యాసం ఈ విషయంలో పేరు పొందింది. రాజస్థాన్, హిమాచల్‌లలో 483 మంది రాజపుత్ర స్త్రీలతో మాట్లాడితే, అమెరికా ఆడవాళ్ళు చెప్పే బాధలు వాళ్ళు దాదాపు చెప్పలేదట. ముట్లుడిగాక పరదా వదిలి, మగవాళ్ళున్న చోట కూర్చుని మాట్లాడే వీలు దొరకడమే కారణమని ఆమె ఊహించింది. సోహార్‌లో మా పక్కింటి ఒమానీ పెద్దావిడ కూడా ఇలాంటి మాటే అంది. "ఇప్పుడు రంజాన్ ముప్ఫై రోజులూ ఏకధాటిగా ఉపవాసం ఉంటున్నాను, తరవాత తీర్చాల్సిన బాకీ రోజులు లేవు" అని సంతోషంగా చెప్పింది. వింటూ ఉంటే నాకు అమ్మమ్మ ఆవకాయ జాడీ గుర్తొచ్చింది.

అయితే దీన్ని మరీ బంగారు కాలంగా చెప్పుకోకూడదు. ఆవిర్లు రాజపుత్ర స్త్రీలకు రాలేదో, వచ్చినా చెప్పుకోదగిన సంగతి అనుకోలేదో మనకెలా తెలుస్తుంది? అమ్మమ్మ వేసవి రాత్రుళ్ళు పెరట్లో నవారు మంచం మీద తడిగుడ్డ కప్పుకుని పడుకునేదని అమ్మ చెబుతుంది. ఎండలకు అనుకున్నారు అందరూ. పైగా ఈ గౌరవం మొగుడున్న ఆడదానికీ, ఇల్లూ వంటిల్లూ ఉన్నదానికీ దక్కింది. పొలంలో నాట్లు వేసే ఆడదానికి మూలన కూర్చునే మూడు రోజులూ లేవు, తరవాత వచ్చే పెద్దరికమూ లేదు.

అటు పాశ్చాత్య వైద్యం కథ వేరే దారిలో నడిచింది. అండాశయాల రసమే దీనికి మూలమని 1920లలో తేలింది. 1942లో అమెరికాలో ప్రెమారిన్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన హార్మోను అది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ఈ వయసును ఒక లోపజబ్బుగా వర్ణిస్తూ పుస్తకం రాస్తే లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2002 జూలైలో ఒక పెద్ద అధ్యయనాన్ని రొమ్ము క్యాన్సర్ భయంతో మధ్యలో ఆపేశారు. అమెరికాలో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఆ వేసవి గుర్తుండే ఉంటుంది, రాత్రికి రాత్రి మాత్రలు చెత్తబుట్టలో పడ్డాయి. అరవై లోపు, ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెట్టేవారికి లెక్క వేరని తరవాత తేల్చారు. 2025 నవంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థే ఆ మందుల మీది పెట్టె హెచ్చరికను తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. ఎవరికి ఏది తగునో డాక్టరుతో తేల్చుకోవలసిందే. నేను చెప్పదలిచింది ఇంతే: అక్కడ వాదన మందు మీద జరిగింది. మన దగ్గర వాదన లేకుండా కత్తి పని చేసింది.

ఇక అమ్మ దగ్గరికి వస్తాను. ఇరవై రెండేళ్ళకల్లా నేనూ తమ్ముడూ పుట్టేశాం. ఇరవై నాలుగో ఏట కుటుంబ నియంత్రణ ఆపరేషను. ముప్ఫై నాలుగు నుంచి రక్తస్రావం ఎక్కువైంది, నడుము నొప్పి. ఊరికి దగ్గరలోని పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి నాన్న తీసుకెళ్ళాడు. "పిల్లలున్నారు, ఆపరేషనూ అయిపోయింది, ఇక ఆ సంచితో పనేముంది, ఉంచుకుంటే ముందు ముందు క్యాన్సర్ కావచ్చు" అన్నారట. ఆ వాక్యం మీలో చాలామంది విని ఉంటారు. మా మేనత్త విన్నది, ఎదురింటి పిన్ని విన్నది. అందరికీ అదే వాక్యం, ఇంచుమించు అదే వయసులో. నేను పదో తరగతి చదువుతున్నాను. "అమ్మకి పెద్దాపరేషను" అన్నారు. నెల రోజులు నేను వంట చేశాను. ఆ తరవాత అమ్మ అకారణంగా ఏడ్చేది, చలికాలంలో ఫ్యాను వేసేది, నాన్న మీద విసుక్కునేది. మేం ఆమె స్వభావమే మారిపోయిందనుకున్నాం. ముప్ఫై ఆరేళ్ళ మనిషి రాత్రికి రాత్రి యాభై ఏళ్ళ ఒంట్లోకి వెళ్ళిందని మాకెవరికీ తెలియదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా అంటే ఇవాళ్టికీ అమ్మకు తెలియదు. కాగితాలు ఇవ్వలేదు, ఈవిడ అడగలేదు. తీస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఉంచినా అవి అనుకున్న కాలం కంటే ముందే అలిసిపోవచ్చు. ఎముకలూ గుండే ఆ మేరకు ముందుగానే దెబ్బతింటాయి.

ఇది మా ఇంటి సంగతే అనుకున్నాను చాలాకాలం. కాదని లెక్కలు చెబుతున్నాయి. బెంగళూరు పరిశోధకులు టి.ఎస్. శ్యామల, ఎం. శివకామి 2005లో ఒక వ్యాసం రాశారు. 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెల్ని వాళ్ళు విడదీసి చూశారు. 30 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో అప్పటికే ముట్లుడిగినవారు దేశం మొత్తం మీద నూటికి 18 మంది. కేరళలో పన్నెండు లోపు. ఆంధ్రప్రదేశ్‌లో 31.4! దేశంలో అదే మొదటి స్థానం. ఒక్క గోదావరి నీళ్ళు తాగితేనో, గోంగూర తింటేనో ఇలా కాదు గదా. ఆ లెక్కలో గర్భసంచి తీయించుకున్నవారూ కలిసే ఉన్నారు.

2015-16 సర్వేలో ఈ ఆపరేషను గురించి విడిగా, ఏ వయసులో, ఎక్కడ, ఎందుకు అని అడిగారు. 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశం మొత్తం మీద తీయించుకున్నవారిలో సగంమంది 34 ఏళ్ళలోపే చేయించుకున్నారు. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో. 2019-21 సర్వేలో కూడా మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి. రాష్ట్రం రెండుగా చీలినా ఈ విషయంలో అన్నదమ్ములు విడిపోలేదు.

ఎందుకు మనకే? దీనికి ఒక్క కారణం చెప్పేవాళ్ళను నేను నమ్మను. కానీ ఒక వరస కనిపిస్తుంది. పెళ్ళి తొందరగా, పిల్లలు తొందరగా, ఇరవై అయిదు దాటకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషను. 2015-16లో ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో 68.3 శాతం ఆ ఆపరేషను చేయించుకున్నవారు, దేశ సగటు 36. ఇందులో ప్రభుత్వం మెడలో పతకాలు పడ్డాయి. జనాభా తగ్గించిన రాష్ట్రమని పొగిడారు. పొగిడినవాళ్ళు గమనించనిదేమిటంటే, ఇరవై నాలుగేళ్ళకే ఆడదాని గర్భసంచి పని ముగిసిందని ఇంట్లో అందరూ, ఆమెతో సహా, నమ్మడం మొదలైంది. పని ముగిసినదాన్ని తీసేయడం ఎంతసేపు? తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా మందు ఖరీదు నెలనెలా, ఆపరేషను ఖరీదు ఒక్కసారే. కూలికి వెళ్ళే ఆడదానికి నెలకు మూడు రోజుల కూలి మిగులు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు కోసే స్త్రీల గర్భసంచుల కథ 2019లో దేశమంతా మోగింది. అంతకు ఎంతో ముందే మెదక్ పల్లెల్లో అదే కథ నడిచింది. హైదరాబాదు వైద్య దంపతులు డా. ఎస్.వి. కామేశ్వరి, డా. ప్రకాశ్ వింజమూరి ఆ ఊళ్ళు తిరిగి, చిన్న వయసు స్త్రీలకు అవసరం లేకుండా జరిగిన ఆపరేషన్లను నమోదు చేస్తూ వచ్చారు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాడికి పెద్ద వైద్యం అందించిన పథకం, అందులో సందేహం లేదు. కానీ డబ్బు ప్రభుత్వం ఇస్తుందనగానే గర్భసంచి ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లో ఎంతగా పెరిగాయంటే, మహిళా సంఘాలూ పత్రికలూ గోల చేశాక 2010 ప్రాంతంలో ప్రభుత్వం వాటిని ప్రైవేటు ఆస్పత్రుల జాబితా నుంచి తీసేసి ప్రభుత్వ ఆస్పత్రులకు పరిమితం చేసింది. దేశవ్యాప్తంగా చూస్తే, డా. నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యం మీద 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. అమ్మ ఆపరేషను నాటికీ ఆ తీర్పుకీ మధ్య ముప్ఫై నాలుగేళ్ళు. అవసరమై చేసేవి లేవని కాదు. క్యాన్సరు, అదుపు కాని రక్తస్రావం, పెద్ద గడ్డలు, ఇవి ఎవరూ కాదనరు. ముప్ఫై ఏళ్ళదాన్ని భయపెట్టి చేసేదాని గురించే నా బాధంతా.

సోహార్‌కి ఈ కథ ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాను. ఇది పాత రేవు. సింద్‌బాద్ పుట్టిన ఊరని చెప్పుకుంటారు, ప్రాచీన కాలంలో ఇక్కడి కొండల్లోంచి రాగి ఓడలెక్కేది. 1970కి ముందు ఒమాన్ మొత్తానికి మస్కట్, మత్రాలలో అమెరికన్ మిషన్ నడిపిన ఆస్పత్రులే దిక్కు. ఇవాళ్టి ఆస్పత్రులన్నీ ఆ తరవాతివే. మా అత్తగారి వయసు ఒమానీ స్త్రీలు చాలామంది ఇంట్లోనే కన్నారు, వాళ్ళకు కత్తి దూరం. రెండువేల తరవాత కొత్త పోర్టు, దాని వెంట రిఫైనరీ, అల్యూమినియం, ఉక్కు వచ్చాయి. వాటి వెంట మాలాంటి తెలుగు కుటుంబాలూ వచ్చాయి. మేం వచ్చింది 2008లో. అప్పుడు ముప్ఫైల్లో ఉన్న మా ఆడవాళ్ళ గుంపంతా ఇప్పుడు ఒకేసారి యాభైకి చేరింది. బతుకమ్మ నాడు హాలులో ఏసీ పెంచమని ఒకరు, తగ్గించమని ఒకరు. మగవాళ్ళకు అర్థం కాదు. "నీకూనా?" అని కళ్ళతోనే పలకరించుకుంటాం.

మాకంటే ముందు, మాకంటే ఎక్కువగా ఇక్కడికి వచ్చినవాళ్ళు ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి. చదువు లేని ఆడది ఇంటిపనికి గల్ఫు రావాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. కాబట్టి వాళ్ళ ముట్లుడిగే వయసంతా పరాయి వంటిళ్ళలోనే గడుస్తుంది. ఒక శుక్రవారం కోనసీమ నుంచి వచ్చిన ఒకామె మా ఇంటికి వచ్చి కూర్చుంది. నా ఆవిర్ల సంగతి చెబితే నవ్వి, "నాకా గొడవ లేదండి అమ్మగారూ. ముప్ఫై రెండుకే తీయించేసుకున్నాను. అందుకే గదండీ ఇక్కడ ఏళ్ళకేళ్ళు చెయ్యగలుగుతున్నాను" అంది. "మరి మోకాళ్ళు?" అన్నాను. "అవి మాత్రం పట్టేస్తన్నాయండి" అంది. వయసెంతని అడిగితే నలభై ఒకటి. ఆమెకు ఎముకల పరీక్ష ఉంటుందని కూడా తెలియదు. ఆ నవ్వులో నాకు అమ్మ కనిపించింది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నేరుగా అడిగాను: "అమ్మమ్మకి ఏ వయసులో ఆగిందే అమ్మా?"

"అదేం ప్రశ్నే, అర్ధరాత్రి పూట!" అంది. తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. "ఋషి పంచమి ఉద్యాపన చేసుకుంది. మన పెరట్లోంచే ఉత్తరేణి పుల్లలు తెచ్చాను. నువ్వు మూడేళ్ళదానివి, నా కొంగు పట్టుకు తిరుగుతున్నావు. అది ఉప్పెన వచ్చిన ఏడే. ఉద్యాపనయిన రెండు నెలలకి దివిసీమ కొట్టుకుపోయింది."

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. అమ్మమ్మకు అప్పటికి నలభై అయిదు.

"నాక్కూడా చేయించాలనుకుంది అమ్మ" అంది మళ్ళీ. "నాకు ఉద్యాపన ఏముంది, ఆపరేషనయిన దానికి, అన్నాను. వద్దులే అంది."

తరవాతి నెల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, తల్లి అని ఉన్న గడి పక్కన, గీత కొట్టిన చోట, అమ్మమ్మ, 45 అని రాయించాను. ఆవిడ ఈసారి ఎముకల సాంద్రత పరీక్ష రాసింది, నాకొకటి. ఆ చీటీ ఫోటో తీసి, ఇలాంటిదే నువ్వూ చేయించుకో అని అమ్మకు పంపాను. తెనాలిలో ఎక్కడ చేస్తారో కనుక్కోమని తమ్ముడికి చెప్పాను.